రథం తాడుతో కట్టిన ఎద్దు

లోకాలన్నిటినీ దారాన పూసల్లా గుచ్చి పట్టుకున్న స్వామికి ముందుగా స్తోత్రం. ఎవరి బలానికీ కట్టుబడనివాడు తల్లి చేతి తాడుకు కట్టుబడి రోలు ఈడ్చుకుంటూ పాకాడు; ఆ దయకు స్తోత్రం. కట్టేవాడూ ఆయనే, విడిపించేవాడూ ఆయనే. మనిషి మనసులో దాచినది నోటి దాకా రాకముందే వినేవాడు ఆయన. ఇన్నేళ్ళుగా నేను దాచినదంతా విని కూడా నన్ను తన గుమ్మం ముందు నుంచి గెంటివేయలేదు. ఈ వయసులో కలం పట్టుకునే బలం ఉంచాడు. ఆ పాదాలకు వెయ్యి దండాలు. ఇక్కడ రాసేదానిలో ఒక్క మాటైనా నా గొప్ప కోసం రాస్తే దాన్ని ఆయనే కొట్టివేయాలి.

మాది వ్యవసాయపు కుటుంబమే. మా నాన్న మాత్రం, మేము బాపు అనేవాళ్ళం, పొలం తన అన్నలకు వదిలి వరంగల్ వచ్చి తాళ్ళ దుకాణం పెట్టాడు. గోగునార పగ్గాలు, జనుము పలుపులు, కొబ్బరి పీచు మోకులు, చేదబావి తాళ్ళు, అన్నీ చుట్టలు చుట్టలుగా పైకప్పు దాకా ఉండేవి. వానాకాలం ముందు దుకాణంలోకి అడుగుపెడితే పచ్చి నార వాసన గొంతులో పడేది. డెబ్బయిల్లో నాకు ఇరవై దాటాయి. పగలంతా దుకాణంలో తాడు కొలిచి చుట్టడం, సాయంత్రం కాశిబుగ్గ వైపు ఉన్న మా భజన మందిరానికి పోవడం. అంతే నా జీవితం.

మందిరంలో పదేళ్ళ వయసు నుంచి గురువుగారి దగ్గర పురాణం విన్నాను. ఆయన చదువుతుంటే నేను పక్కన కూర్చుని అర్థం రాసుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి పాట మొదలుపెట్టే బాధ్యత నాకే ఇచ్చారు, ఏకాదశి నాడు నాలుగు మాటలు చెప్పమనేవారు. తాళ్ళ దుకాణపు వాణ్ణి కదా, నా ఉపమానాలన్నీ ముళ్ళ గురించే. సంసారం పీటముడి అనీ, నామం దాన్ని విప్పే వేలనీ చెప్తుంటే ముందు వరసలో ముసలమ్మలు కొంగులతో కళ్ళు తుడుచుకునేవారు. నిజానికి నాకు అప్పటికి పీటముడి తప్ప ఇంకో ముడి వేయడం రాదు.

ఆ సంగతి తెలిసినవాడు మా బావ. మా అక్క భర్త. రఘునాథపల్లి దగ్గర ఊళ్ళో వ్యవసాయం. ప్రతి ఎండాకాలం చివర్లో తాళ్ళకని దుకాణానికి వచ్చేవాడు. ఏ తాడూ ఊరికే తీసుకునేవాడు కాదు. పేట విప్పి చూసేవాడు, వాసన చూసేవాడు, చెవి దగ్గర పెట్టి మెలితిప్పేవాడు. బాపు ముందర నెమ్మదిగా ఉండి, బాపు లోపలికి పోగానే నా మీద పడేవాడు.

"ఏం బామ్మర్దీ, జనానికి మోక్షం ఇప్పిస్తానవట. బొక్కెనకు తాడు కడ్తె మాత్రం బాయిల పడ్తదట గద. మీ అక్క చెప్పింది."

"ఒక్కసారి పడ్డది బావా."

"మూడుసార్లు. కొక్కేల గుత్తి దించి దేవులాడి తీసింది నేను. తాడమ్మెటోనికి ముడి రాకపాయె, బువ్వ వండెటోనికి తినుడు రానట్టు."

అలా నవ్వుతూనే దుకాణం అరుగు మీద కూర్చోబెట్టి నేర్పేవాడు. బొక్కెనకు కట్టే ముడిలో తాడు పిడికి రెండు చుట్లు తిరగాలి, కొస ఆ చుట్ల కిందికే దూరాలి. నీళ్ళ బరువు పెరిగినకొద్దీ చుట్టు కొసను నొక్కి పడుతుంది. బండి మీద మిరపకాయ బస్తాలకు మోకు బిగించేటప్పుడు నడుమ ఒక కన్ను వేసి, కొసను బండి పక్కకొయ్య కింద నుంచి తెచ్చి ఆ కన్నులో దూర్చి కిందికి గుంజాలి. ఒక్కడు గుంజినా ఇద్దరు గుంజినంత బిగువు వస్తుంది. లావు తాడుకు సన్న తాడు కలపాలంటే లావుదాన్ని ఊరికే మడిచి పట్టుకోవాలి, పనంతా సన్నదే చేయాలి. పూడిక తీయడానికి మనిషిని బావిలోకి దించేటప్పుడు చంకల కింద వేసే ముడి వేరు. అది జారకూడదు, బిగియకూడదు. ఉచ్చు వేసి దించితే మనిషి పైకి వచ్చేసరికి పక్కటెముకలు ఉండవు. ఆ ఒక్క ముడి వేసేటప్పుడు మాత్రం బావ మాట్లాడేవాడు కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, పశువును కట్టే జారుముడి ఒక ఎత్తు. తాడును గుంజ చుట్టూ తిప్పి, కొసను పూర్తిగా లాగకుండా మడిచి, ఆ మడతను కన్నులో దూర్చి వదలాలి. పశువు తన వైపు ఎంత గుంజినా ముడి బిగుస్తుందే కానీ ఊడదు. వేలాడే కొసను మనిషి ఒక్కసారి లాగితే మొత్తం ఊడి చేతికి వస్తుంది. ఊళ్ళో అందరూ ఇలాంటిదే వేస్తారు కానీ, బావ వేసేదానిలో ఒక చుట్టు ఎక్కువ ఉండేది.

"గిది మా నాయిన ముడి," అనేవాడు. "చెరువు తెగిన యాడాది ఆరు గొడ్లను గుక్క తిప్పకుండ ఇడిసిండట. మా నాయిన నాకు జాగ ఇడిసిపెట్టలె, జమీను ఇడిసిపెట్టలె. గీ ముడి ఇడిసిపెట్టిండు. మంచిగ నేర్సుకో."

"గట్టిగనే కట్టిన గద బావా."

"గట్టిగ కట్టుడు ఎవనికైనా వస్తది. ఎట్ల ఇడువాల్నో ముందుగాల్ల సోచాయించి కట్టాలె."

నాకు బావ అంటే ప్రేమే. కానీ ఆయన భజనకు రాడు, పండుగకు గుడి మెట్లెక్కి దండం పెట్టి దిగిపోతాడు, అంతే. తాళ్ళ గురించి ఆయన మాట వినేవాణ్ణి కానీ, లోపల ఒక మూల, దేవుని సంగతి తెలియని మనిషి అని తక్కువ చూపు ఉండేది. ఆ చూపు నాకు చేసిన హాని నేను తర్వాత చూశాను.

డెబ్బయిల చివర్లో ఒక ఎండాకాలం బావకు కడుపు నొప్పి ముదిరి వరంగల్‌లో దవాఖానలో చేర్చాము. ఆపరేషన్ చేయాలన్నారు. అక్క ఆయన దగ్గర ఉండిపోయింది. ఊళ్ళో ఎడ్లు చూసుకోవడానికి మనిషి కావాలి. నేను పోతానన్నాను. మంచం మీద పడుకుని, మూలుగుతూనే బావ నాకు ఒప్పజెప్పాడు.

"ముసలెద్దు దేవుడసొంటిది, దాంతోని ఫికర్ లేదు. కోడెతోని జర పైలం. దానికి నోటితోని కొస గుంజుడు అలవాటైంది. కొసను మలిపి గుంజ ఎనుకకు ఏలాడదియ్యి, దానికందదు. జారుముడే ఎయ్యి. మరిచిపోతవా?"

"మరువను బావా."

"వానలు పడేదాకా గవి మంచిగుంటె సాలు. ఆ జోడి లేకుంటె నా ఎవుసం లేదు."

ఆ కోడెను ఆయన కిందటి ఏడు కాడికి అలవాటు చేశాడు. ముసలెద్దుకు జతగా దాన్ని నడిపించడానికి నెలల తరబడి తిప్పలు పడ్డాడు. ఇప్పుడు రెండూ ఒక అడుగు వేస్తున్నాయి. ఆ జోడిని నా చేతుల్లో పెట్టాడు.

ఊరికి పోయి మొదటి రెండు రోజులు చెప్పినట్టే చేశాను. మూడో రోజు కొసను వెనక్కి వేలాడదీయడం మరిచాను. కోడె నోటితో గుంజుకుని, వదులై, పక్కింటి అవ్వ పెరట్లో బీరపాదు మేసింది. ఆ అవ్వకు నోరు ఎక్కువ, చేయి మంచిది. మా అక్కకు పొలం పనుల్లో కుడి భుజం. పొద్దున్నే గోడ అవతల నుంచి అందుకుంది.

"బిడ్డా, నువ్వు రాముడు కిష్టుడు అనుకుంట కండ్లు మూసుకుంటవు. నీ కోడె కండ్లు తెరుసుకొని నా బీరపాదు మేస్తది. మీ ఇద్దర్ల ఎవలు భక్తులో నాకు సమజైత లేదు."

పక్క వాకిళ్ళలో వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను కానీ మొహం కాలింది. మర్నాడు మళ్ళీ అదే జరిగింది. ఈసారి కొసను వెనక్కే వేశాననుకున్నాను, సరిగ్గా వేయలేదు. బావ చెప్పినదాన్ని మళ్ళీ నెమ్మదిగా చేసి చూసుకుంటే అయిపోయేది. నేను ఇంకో దారి పట్టాను.

ఇక్కడ మా మందిరం ఆచారం ఒకటి చెప్పాలి. ఏటా స్వామి రథం లాగిన తాడు పాతబడితే, ఆచార్యులు దానికి పూజ చేసి, మంత్రం చెప్పి, ముక్కలుగా కోసి భజనలో ముందు నడిచేవాళ్ళకు ప్రసాదంగా ఇచ్చేవారు. ఆ ముక్కను దేవుని గూట్లో పెట్టుకుంటాము. కాన్పు కష్టమైన ఇంటికి తీసుకుపోతాము, జ్వరం వచ్చిన పిల్లల మంచానికి చుడతాము. దాన్ని తొక్కకూడదు, మళ్ళీ కోయకూడదు. ఆ ఏడు నాకు ఐదు మూరల ముక్క దొరికింది. ఎక్కడికి పోయినా సంచిలో, పసుపు గుడ్డలో చుట్టి, వెంట ఉంచుకునేవాణ్ణి.

వేల చేతులు పట్టి లాగిన తాడు, స్వామిని కదిలించిన తాడు, ఒక కోడెను నిలపలేదా అనుకున్నాను. ఒక కొసను కోడె మెడ పలుపుకు ముడివేశాను. రెండో కొసను కొట్టంలో రాతి గుంజకు, నేలకు తగలకుండా రొమ్మెత్తున, ఒకదాని మీద ఒకటిగా మూడు ముళ్ళు వేశాను. ముడికొక నామం చెప్పుకున్నాను. చివరి ముడి మీద కాలు గుంజకు తన్నిపెట్టి బిగించాను. పసుపు పెట్టాను. మేతకూ నీళ్ళకూ మెడ పలుపు దగ్గర తాడు విప్పి కోడెను తీసుకుపోయి, మళ్ళీ తెచ్చి అక్కడే ముడివేసేవాణ్ణి. అక్కడా మూడే ముళ్ళు. గుంజ దగ్గరవి కదిలించలేదు. వారం రోజులు కోడె కదల్లేదు. నాకు లోపల ఎంత పొంగు వచ్చిందో చెప్పలేను. బావ దవాఖాన నుంచి రాగానే చూపించాలని, ఆయన నాయిన ముడి చేయలేనిది స్వామి తాడు చేసిందని చెప్పాలని మాటలు కూడా అల్లుకున్నాను. ఏకాదశికి ఉపమానంగా పనికొస్తుందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం, పొద్దు నడినెత్తి దాటిన వేళ, అరుగు మీద కూర్చుని జపం చేసుకుంటున్నాను. ఊరి బయట ఎవరో చేన్లో పత్తికట్టె తగలబెట్టారు. గాలి లేచింది. నిప్పురవ్వలు ఎప్పుడు వచ్చాయో, మా కొట్టం మీద కప్పిన గడ్డి అంటుకుంది. నాకు వాసన వచ్చింది, కానీ మాల పూర్తి కావడానికి ఇంకా కొన్ని పూసలు ఉన్నాయి. అవ్వ అరుపు విని లేచాను.

కొట్టంలోకి పరిగెత్తాను. ముసలెద్దును బావ చెప్పినట్టే కట్టి ఉంచాను. కొస లాగాను. ఒక్క గుంజుకు ముడి నీళ్ళలా జారింది. ఎద్దు నన్ను తోసుకుని బయటపడింది. తర్వాత కోడె దగ్గరికి పోయాను. అది బెదిరి, వెనక్కి లాగి లాగి, రెండు వైపులా ముళ్ళను రాయి చేసింది. మెడ వైపు ముడికి చేయి పెట్టనివ్వడం లేదు, తల విసురుతోంది. గుంజ దగ్గర ముడిని గోళ్ళతో పీకాను. పళ్ళతో పట్టి లాగాను. రథం తాడు మామూలు పలుపు కాదు, బొటనవేలంత లావు, మెలి మీద మెలి. నా వేలికి ఎక్కడా సందు దొరకలేదు.

చూరులో కొడవలి ఉంది. ఈ మాట రాయడానికే ఇన్ని కాగితాలు పట్టాయి. నా తల పక్కనే, చేయి చాస్తే అందేంత దూరంలో, చూరు వాసానికి గుచ్చి ఉంది. నేను చూశాను. చూడలేదని చెప్పను. చూసి, స్వామి తాడు కదా అనుకున్నాను. కోస్తే మందిరంలో ఎలా నిలబడతాను అనుకున్నాను. మళ్ళీ గోళ్ళు పెట్టాను. నామం గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.

"కొయ్యి బిడ్డా, కొయ్యి, పైన ఊడుతాంది," అని అవ్వ గుమ్మంలో నుంచి మొత్తుకుంది.

"స్వామి తాడవ్వా," అన్నాను. ఆ మంటలో నిలబడి నేనన్న మాట అది.

ఆమె తలకు కొంగు చుట్టుకుని లోపలికి వచ్చింది. నన్ను భుజంతో పక్కకు నెట్టింది. చూరులో కొడవలి లాగి రెండు కోతల్లో తాడు తెంపింది. ఆలోపే నడుమ దూలం మీది గడ్డి మొత్తం కోడె వీపు మీద పడింది. అది మంటతోనే బయటికి ఉరికింది. ఊరివాళ్ళు కుండలతో వచ్చి సగం కొట్టం దక్కించారు. కోడె వీపున మెడ నుంచి నడుము దాకా తోలు లేదు.

పశువుల డాక్టరును తెచ్చాము. ఆయన ఇచ్చిన మందు పూశాను, ఈగలు వాలకుండా పగలంతా విసిరాను. తొమ్మిది రోజులు బతికింది. పాట ఆపకుండా పాడాను. పదో రోజు పొద్దున లేవలేదు. ఊరివాళ్ళు ఈడ్చుకుపోయి చెరువు అవతల పూడ్చిపెట్టారు.

కొట్టంలో రాతి గుంజకు ఆ మూడు ముళ్ళు నల్లగా కమిలి అలాగే ఉన్నాయి. రెండు రోజుల్లో అక్కా బావా వస్తున్నారని కబురు వచ్చింది. ఆ సాయంత్రం నేను ముళ్ళు విప్పబోయాను. రాలేదు. అప్పుడు అవ్వ తాడు తెంపిన ఆ కొడవలినే తీసుకున్నాను. ముడి మీద ముడి, మూడింటినీ కోసి గుంజ నుంచి ఊడదీశాను. మిగిలిన ముక్కలు ఏరి, తుమ్మ పొదల వెనక గుంత తీసి పాతిపెట్టాను. ఎద్దు ప్రాణం కోసం కోయని తాడును నా పరువు కోసం కోశాను. అప్పుడు మాత్రం ఏ దోషమూ గుర్తుకు రాలేదు.

బావ వచ్చాడు. కడుపుకు గుడ్డ చుట్టుకుని, అక్క భుజం పట్టుకుని నడుస్తూ తిన్నగా కొట్టానికే పోయాడు. గుంజను తడిమాడు. అవ్వ గోడ దగ్గర నిలబడి ఉంది.

"ఏ ముడేసినవ్ బామ్మర్దీ?"

"జారుముడే బావా."

"మా నాయినదేనా?"

"అదే. కొస గుంజిన. రాలె. కోడె బెదిరి లాగితే బిగుసుకపోయింది."

"కొస ఎటు దిక్కు ఏలాడుతుండె?"

"ఎనుకకే. నువ్వు చెప్పినట్టే."

బావ గుంజకు ఆనుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు. "అంటె జారలేదన్నట్టు," అన్నాడు. కాసేపటికి తనే సాకులు వెతికాడు. "ఎండకు తాడు బిర్రుగైందో ఏమో. ఒక చుట్టు ఎక్కువుంటది గద, అది పట్టేసిందేమో. మా నాయిన తడి తాడుతోని ఏసెటోడు, నేను ఎండిన తాడుతోని ఏస్తున్న." నన్ను ఒక్క మాట అనలేదు. నా చేతి వేళ్ళకు కట్టిన గుడ్డలు చూసి, "నువ్వు పైలంగ బయటవడ్డవ్, సాలు," అన్నాడు.

నేను అప్పుడే చెప్పి ఉండాలి. చెప్తే ఆయన నవ్వేది నన్ను కాదు, స్వామిని అని నాకు నేను చెప్పుకున్నాను. దేవుని పేరు కాపాడటానికే అబద్ధం ఆడానని ఏళ్ళ తరబడి నమ్మాను. ఆ స్వామికి నా కాపలా ఎందుకు?

అవ్వ అంతా విని లోపలికి పోయింది. మర్నాడు నేను బస్సుకు బయలుదేరుతుంటే చేను గట్టు మీద ఎదురైంది. ఆనాడు కాలిన చేతికి ఆకు పసరు కట్టుకుని ఉంది.

"అవ్వా," అన్నాను.

"నాతోని ఏం చెప్పకు బిడ్డా. నీకూ మీ బావకూ నడుమ నేనెందుకు. చెప్తె నువ్వే చెప్పాలె, జల్ది చెప్పు."

చెప్పలేదు. ఆ వానాకాలం బావ అందరూ విత్తనాలు వేశాక, అడుక్కొచ్చిన ఎద్దుతో దున్నుకున్నాడు. ముసలెద్దు ఆ కొత్తదానితో అడుగు కలపలేదు. మొలక ఆలస్యమైంది. అదంతా ఒక ఏటి నష్టం, పోయింది. పోనిది వేరే ఉంది. మరుసటి ఎండాకాలం దుకాణానికి వచ్చి ఆయన తాళ్ళ వైపు చూడలేదు.

"ఇనుప గొలుసులున్నయా?" అని అడిగాడు.

"గొలుసెందుకు బావా? పశువు మెడ కొట్టుకపోతది."

"కొట్టుకపోనీ. గొలుసుకు కొక్కెం ఉంటది. కొక్కెం మనిషి మాట ఇంటది."

నేనే చుట్ట విప్పి, కొలిచి, గొలుసు చేతికిచ్చాను. ఆ తర్వాత ఎన్నడూ అరుగు మీద కూర్చుని ఆయన నాకు ముడి నేర్పలేదు. నన్ను ఆటపట్టించడం కూడా తగ్గిపోయింది.

ఎనభైల్లో ఒకసారి ఎనుమాముల మార్కెట్ యార్డు బయట మిరపకాయ బండ్ల వరసలో ఆయనతో పాటు ఉన్నాను. బండ్లు కదలడం లేదు. వెనక బండివాడు, మా కంటే చిన్నవాడు, ఎడ్లను విప్పి జారుముడితో చెట్టుకు కడుతున్నాడు. బావ కాసేపు చూసి లేచి పోయాడు.

"తమ్మీ, గా ముడి ఎయ్యకు. నమ్మరాదు దాన్ని."

"అందరు ఏసేదే గద పెద్దనాయినా. మా తాత కాంచి ఇదే."

"నేను కూడ మా నాయిన కాంచి ఇదే ఏసిన. నిప్పంటుకున్ననాడు ఊడలె. కోడె కాలిపాయె. అబద్ధమైతె మా బామ్మర్దిని అడుగు. భజన చేసెటోడు, అబద్ధమాడడు. కండ్లార చూసిండు."

ఆ మనిషి నా వైపు చూశాడు. బావ కూడా చూశాడు. నేను తల ఊపాను. ఆ బండివాడు ముడి విప్పి పీటముడి వేసుకున్నాడు. మొదటి అబద్ధం భయంతో ఆడాను. దానికి ఏదో క్షమ ఉంటుందేమో. ఈ రెండోదానికి నేను సాక్షిగా నిలబడ్డాను, అదీ నా భక్తిని చూపించి నమ్మించాక. సాక్ష్యం గురించి గురువుగారు చెప్పిన మాటలన్నీ నాకు కంఠస్థం. ఏ ఒక్కటీ నా తల ఊపును ఆపలేదు.

ఎనభైలు ముగిసేలోపే బావకు కామెర్లు ముదిరాయి. మళ్ళీ దవాఖాన. ఈసారి డాక్టర్లు అక్కకు ఎక్కువ ఆశ పెట్టలేదు. ఒక సాయంత్రం అక్క బట్టలకని ఇంటికి పోయింది. మంచం పక్కన నేనొక్కణ్ణే. చెప్పాలని నిశ్చయించుకునే పోయాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. బావా, ఆనాడు నువ్వు నేర్పిన ముడి వేయలేదు, మీ నాయిన ముడి తప్పలేదు. ఇంతే మాట. ఒక్క గుక్కలో అయిపోయే మాట.

"బావా," అన్నాను.

ఆయన కళ్ళు తెరిచాడు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. "బామ్మర్దీ, ఎన్నడు నీ పాట ఇనలె. ఒకటి పాడరాదు."

ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన కోరిక అది. నా బావ స్వామి పాట అడిగాడు. ముందు చెప్పి తర్వాత పాడదామనుకున్నాను. చెప్తే పాట వింటాడో వినడో అనుకున్నాను. పాట మొదలుపెట్టాను. ఒకటి కాదు, మూడు పాడాను. మధ్యలో ఆయన నిద్రపోయాడు. అక్క వచ్చింది. రెండో రోజు పొద్దున ఆయన లేడు.

కర్మకాండ అయిపోయాక, చుట్టాలు వెళ్ళిపోయాక, అక్కతో అంతా చెప్పాను. కొడవలి చూరులో ఉందన్నది కూడా చెప్పాను. ముళ్ళు కోసి పాతిపెట్టింది చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆగలేదు.

"గిది ఆయనకు చెప్పాల్సిన మాట తమ్మీ. నాకెందుకు చెప్తానవ్?" అంది. ఒక రాయి ఏరి పారేసి, "పండుకునే ముంగట ఒక్కోనాడు గుంజ దిక్కు చూసెటోడు. మా నాయిన గట్ల తప్పు ముడి నేర్పుతడా అనెటోడు," అంది.

అక్క నాతో మాట్లాడటం మానలేదు. పోయినప్పుడల్లా అన్నం పెట్టింది, పిల్లల పెళ్ళిళ్ళకు ముందు వరసలో కూర్చోబెట్టింది. నన్ను పాట పాడమని మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఈ మాటలు మందిరంలో చెప్పాను. గురువుగారు అప్పటికి లేరు. కొందరు తాడును పాతిపెట్టినందుకు ప్రాయశ్చిత్తం చేసుకోమన్నారు. కోడె గురించి ఎవరూ అడగలేదు. వాళ్ళను నేను తప్పు పట్టను. ఆ మంటలో నిలబడి నేను ఆలోచించింది కూడా తాడు గురించే.

స్వామి క్షమిస్తాడని చదివాను, చెప్పాను, నమ్ముతాను. కానీ నేను ఎవరి నమ్మకం తీసుకున్నానో ఆ మనిషి దగ్గరికి ఇక నా నోరు చేరదు. స్వామి ఒక్కడే చేరగలడు. అందుకని ఇది చదువుతున్న మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీ దేవుణ్ణి మీరు ఏ పేరుతో పిలిచినా సరే, కాసేపు ఈ కాగితం పక్కన పెట్టి, నాతో పాటు చేతులు జోడించండి. స్వామీ, ఒక రైతు తన తండ్రి నేర్పింది తప్పని అనుకుంటూ కన్ను మూశాడు, అది తప్పు కాదని నీ నోటితో ఆయనకు చెప్పు అని అడగండి. మీకు చెప్పవలసిన మనిషి ఇంకా బతికే ఉంటే, ఈ ప్రార్థన సగంలో ఆపి లేచి వెళ్ళండి. మిగతా సగం మీ బదులు నేను చేస్తాను.